లెక్కల్లో పదకొండు

నూనెలో లవంగాలు చిటపటలాడాయి. ఇవాళ మా అంగన్‌వాడీలో పిల్లలకు వెజిటబుల్ రైస్ పెట్టే రోజు. ఆయా జ్వరమొచ్చి సెలవు పెట్టింది కాబట్టి టీచర్నైనా నేనే గరిటె పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి ఆయాగా వండిన చేతులు కాబట్టి ఇబ్బందేమీ లేదు. కానీ ఆ లవంగాల ఘాటు ముక్కుకు తగలగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. ఎవరో వెనక నిలబడి "లేచి చదువు" అన్నట్టే అనిపించింది. నాకు టెన్త్ లెక్కలు చెప్పిన జాన్‌బీ టీచర్ పంటినొప్పి మనిషి. ఎడమ బుగ్గలో ఎప్పుడూ ఓ లవంగం పెట్టుకుని ఉండేది. ఆమె బెంచీల మధ్య నడిచి మన దాకా వస్తోందని తల ఎత్తకుండానే వాసనను బట్టి చెప్పేసేవాళ్ళం.

ఆమె ఇవాళే గుర్తుకు రావడానికి లవంగం ఒక్కటే కారణం కాదు. గుమ్మంలో నాగమణి నిలబడి ఉంది. మా సెంటరుకొచ్చే ఓ పిల్లవాడి తల్లి. మొన్నామధ్య ఓపెన్ టెన్త్ పరీక్షలు రాసింది, నిన్న ఫలితాలొచ్చాయి. చేతిలో ఫోను ఉంది గానీ దాని అద్దం చీర వైపుకు తిప్పి పట్టుకుంది. ఏమైందే అన్నాను. "పోయింది టీచర్" అంది. ఏం పోయిందని అడిగితే "అంతా" అని గోడ వైపు తిరిగింది. ఆ 'అంతా' అనే మాట నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అదే మాటను మింగి నేను కొన్ని వారాలు తలెత్తకుండా తిరిగాను. అందుకే జాన్‌బీ టీచర్ని ఎన్నడూ చూడని వాళ్ళకు కూడా ఆమె గురించి చెప్పాలనిపిస్తోంది.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. దాని వెనక పెద్ద కథేమీ లేదు. పత్తి తీతకు మనుషులు దొరకడం లేదని అమ్మ నన్ను నాలుగు రోజులు రమ్మంది. ఆ నాలుగు రోజులు అలాగే సాగిపోయాయి. పెళ్ళయి దుర్గి దగ్గరి ఈ ఊరికి వచ్చాను. మా ఆయన దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కే పనికి పోతాడు. ఇంటి పక్కనే అంగన్‌వాడీ ఉండటంతో ఆయాగా చేరాను. ఊడవడం, వండటం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్ళను ఎత్తుకుని తిప్పడం. పని నాకు ఇష్టమే. అయితే మా సెంటర్ టీచర్ రిటైరయ్యే రోజు దగ్గర పడ్డప్పుడు ఒక సంగతి తెలిసింది. ఆయాకు టెన్త్ ఉంటే ఆ పోస్టు ముందు ఆయాకే ఇస్తారట. లేకపోతే బయటి నుంచి ఇంకో అమ్మాయి వస్తుంది. నా కూతురంత పిల్ల కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను నీళ్ళు తోడాలి. పని చేయడానికి నాకు సిగ్గు లేదు. కానీ ఆ పిల్లలకు పాటలూ అంకెలూ నేర్పేది అప్పటికే చాలావరకు నేను. ఆ ముక్క చెప్పుకోవడానికి చేతిలో కాగితం లేదన్నదే నా బాధ.

మాచర్లలో ఓ హైస్కూల్లో ఆదివారాలు ఓపెన్ టెన్త్ క్లాసులు జరిగేవి. ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా, బజారుకు పోయొస్తానని సంచి పట్టుకుని వెళ్ళాను. సంచిలో పైన కూరగాయల గుడ్డ, కింద పుస్తకం. గది గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, ముందు బెంచీలో నుంచి ఒక పిల్ల "ఆయమ్మా! నువ్వూనా!" అని కేక పెట్టింది. ఆ పిల్ల మా సెంటర్లోనే అక్షరాలు దిద్దింది. దాని ముక్కు నా కొంగుతో తుడిచాను. గదిలో ఉన్న వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. మెకానిక్ షాపు కుర్రాళ్ళు, ఇద్దరు పెళ్ళయిన ఆడపిల్లలు, పోలీసు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న ఒకతను. నాకన్నా పెద్దవాళ్ళెవరూ లేరు. వెనక్కి తిరిగి బస్సెక్కుదామా అనుకుంటుండగా వెనక నుంచి లవంగం వాసన వచ్చింది. "గుమ్మానికి అడ్డం నిలబడితే నేను లోపలికెట్టా పోవాలే?" అన్న గొంతు వినిపించింది.

జాన్‌బీ టీచర్ అప్పటికే రిటైరై ఉంది. పొట్టి మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉండేది, తలమీది పైట ఒక్క వెంట్రుకంతైనా జారేది కాదు. లెక్కలు చెప్పేది. మాట కరుకు. ప్రతి ఆదివారం చిన్న పరీక్ష పెట్టి దిద్ది, కాగితాలు మా చేతికే ఇచ్చి, ఒక్కొక్కరినీ నిలబెట్టి ఎవరి మార్కులు వాళ్ళనే పైకి చదవమనేది. ఎందుకలా అని ఎవరో అడిగితే "పేపరు రాసింది నువ్వు, నేను కాదు. నీ మార్కులు నీ నోట్నించి రావాల" అంది. నాకు మొదటి పరీక్షలో నాలుగొచ్చాయి. "నాలుగు" అన్నాను పెదాల మధ్యనే. "వినపళ్ళా" అంది టీచర్. మళ్ళీ అన్నాను. "వెనక బెంచీకి వినపళ్ళా." మూడోసారి నాలుగు అని గట్టిగా చెప్పినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు బెంచీ పిల్ల నా వైపు చూడకుండా తల దించుకుంది. అది నన్ను చూసి జాలిపడినందుకు నాకు ఇంకా సిగ్గేసింది. ఆ రోజు బస్సులో దారిపొడవునా జాన్‌బీ టీచర్ని మనసులోనే తిట్టుకున్నాను. అందులో కొన్ని తిట్లు ఇప్పుడు కాగితం మీద పెట్టలేను.

అయినా మానలేదు. దానికి కారణం ధైర్యం కాదు, నా దగ్గర ఉందనుకున్న ఒక తెలివి. లెక్కలు నాకు రావు. సరే. తెలుగు బాగా వస్తుంది, హోమ్ సైన్స్ అయితే నేను రోజూ చేసే పనే. సైన్సు, సోషల్ బట్టీ పట్టుకోవచ్చు. పప్పు తగ్గితే ఆకుకూర ఎక్కువ వేసి పూట గడిపినట్టు, తెలుగులో పై మార్కులు తెచ్చుకుంటే అవి లెక్కల్లో తగ్గినవాటిని పూడుస్తాయని లెక్కేసుకున్నాను. ఐదు పేపర్లూ కలిపి చూస్తారనే నా నమ్మకం. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే అనుకున్నాను. ఒక్కమాట అడిగి ఉంటే తేలిపోయేది. కానీ ఈ వయసులో ఇది కూడా తెలియదా అంటారేమోనని నోరు మెదపలేదు. పక్కన కూర్చునే పెళ్ళయిన పిల్లలు కూడా నాలాగే అనుకుంటున్నారని తరవాత తెలిసింది. వాళ్ళూ అడగలేదు. గదిలో అందరం అంతా తెలిసినవాళ్ళలా తలలు ఊపుకుంటూ కూర్చున్నాం.

పరీక్షల రోజుల్లో తెలుగు పేపరుకు అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను. బయటికొచ్చినప్పుడు నా నడకే వేరుగా ఉంది. లెక్కల రోజున మాత్రం తెలిసిన రెండు మూడు చిన్నవి చేసి, మిగతావి ప్రశ్న నంబరు వేసి వదిలేశాను. తప్పు రాస్తే దిద్దేవాళ్ళు నవ్వుకుంటారు, ఖాళీగా వదిలితే కనీసం పరువు దక్కుతుంది అనుకున్నాను. ముందు పేపర్లు ఎటూ కాపాడతాయి గదా అనే ధీమా. హాల్లో మిగిలిన సేపంతా తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. సూపర్‌వైజరు ఒకసారి వచ్చి నా తెల్లటి పేజీలు చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన అలా ఏమీ అనకపోవడం ఇప్పటికీ గుర్తుకొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఫలితాల రోజు దుర్గిలో నెట్ సెంటరుకు వెళ్ళాను. కంప్యూటర్ ముందున్న అతను నంబరు కొట్టి, తెర వైపే చూస్తూ "ఫెయిలక్కా" అన్నాడు. వెనక ఇంకా నలుగురు వరసలో ఉన్నారు. ప్రింటు కాగితం ఇస్తే మడిచి జాకెట్లో దోపుకున్నాను, మళ్ళీ విప్పి చూడలేదు. అదే వేసవిలో మా అమ్మాయి శ్రావణి రెగ్యులర్ టెన్త్ మంచి మార్కులతో పాసైంది. ఇంటికి వచ్చేవాళ్ళు పిల్లకు మిఠాయి తినిపించి, ఆ చేత్తోనే నాకూ ఒక ముక్క పెట్టి, "తల్లి రుణం తీర్చిందమ్మా" అన్నారు. కూతురు పాసైతే సంతోషపడాలి. పడ్డాను. కానీ ఆ సంతోషం అడుగున ఒక మంట ఉందని, దాన్ని చూసుకుని నామీద నాకే రోత పుట్టిందని చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

నేనప్పుడొక పని తలపెట్టాను. ఇక మాచర్ల ముఖం చూడకూడదు. ఎవరూ ఎరగని నరసరావుపేటలో కొత్తగా పేరు నమోదు చేయించుకుని మొదటి నుంచీ రాయాలి. అక్కడికి పోయి వివరాలు కూడా కనుక్కున్నాను. ఇంట్లో కోటప్పకొండ మొక్కు తీర్చడానికని చెప్పాను. మా ఇలాకాలో టెన్త్ పోయిన పెద్దవాళ్ళు చాలామంది చేసేది ఇదే. పోయిన చోట మళ్ళీ కనిపించకుండా ఇంకో ఊళ్ళో కొత్త మనిషిగా మొదలుపెడతారు.

ఒక మధ్యాహ్నం పిల్లలు తిని పడుకున్నారు. గిన్నెలు తోముతున్నాను. ఆటో ఆగిన చప్పుడైంది. వెనక్కి తిరగకముందే లవంగం వాసన వచ్చింది. జాన్‌బీ టీచర్ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, పిల్లల చిన్న కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఇంకో రోజైతే నవ్వొచ్చేది.

"నరసరావుపేట సెంటర్ మాస్టారు ఫోన్ చేశాడు. మా వైపు మనిషివి ఆయనకాడికి ఎందుకు పోయావంట?"

నేను తల దించుకుని గిన్నె తోముతూనే ఉన్నాను.

"ఆ గిన్నె అరిగిపోయిద్ది, పక్కన పెట్టు. నీ మార్కులు చెప్పు."

"ఫెయిలయ్యాను టీచర్."

"ఫెయిలనేది మార్కేందే? మార్కులు చెప్పమంటన్నా."

నాకు తెలియవన్నాను. ఆ కాగితం విప్పలేదన్నాను. ఆమె ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేయి చాచింది. బీరువాలో చీరల కింద దాచిన కాగితం ఇంటికి పోయి తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని మళ్ళీ నా చేతికే ఇచ్చి చదవమంది. పిల్లలు నిద్రపోతున్నారని చిన్నగా చదివాను. తెలుగు డెబ్బై ఎనిమిది. హోమ్ సైన్స్ అరవై తొమ్మిది. సోషల్ నలభై ఆరు. సైన్సు ముప్పై తొమ్మిది. లెక్కలు పదకొండు.

"మరి తెలుగులో అన్నొస్తే కూడా ఎందుకు పోయింది టీచర్? కలిపి చూడరా?" అని మొదటిసారి అడిగాను.

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "కలిపి చూస్తారని నీకెవురు చెప్పారే?"

"ఎవురూ చెప్పలా. నేనే అనుకున్నా."

"అడగొచ్చుగా."

"సిగ్గేసింది."

జాన్‌బీ టీచర్ కళ్ళజోడు కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. తరవాత ఆమె చెప్పింది ఇది. ఏ పేపరుకు ఆ పేపరే. ప్రతి దాంట్లోనూ ముప్పై ఐదన్నా రావాలి. ఒకదాని మిగులు ఇంకోదానికి పనికిరాదు. కానీ దాటిన పేపర్లు ఎక్కడికీ పోవు, నీ పేరు మీద అలాగే ఉంటాయి. మళ్ళీ రాయాల్సింది పోయిన ఒక్కటే. "మిరపతోటలో మొదటి కోతలో పండినయ్యే కోస్తాంగదా. పచ్చివి చెట్టు మీద ఉన్నయ్యని కోసినయ్యి పారబోస్తామంటే? నరసరావుపేటలో కొత్తగా కట్టావనుకో, ఆ నాలుగూ నువ్వే పారబోసుకున్నట్టు. మళ్ళీ ఐదూ రాసే సరికి మీ టీచర్ రిటైరైపోద్ది, ఆ కుర్చీలో ఇంకెవరో కూచుంటారు."

నేను నోరు తెరుచుకుని విన్నాను. కాగితం దాచిన ఆ వారాలన్నిట్లో నేను నాలుగు పేపర్లు పాసై ఉన్నాననే సంగతి నాకే తెలియదు.

అప్పుడామె అన్న మాట మాత్రం నేను ఊహించనిది. "తప్పు నాదే కోటేశ్వరీ. వారం వారం నిలబెట్టి మార్కులు చదివించా. అయ్యి ఎట్టా లెక్కగడతారో ఒక్కరోజన్నా బోర్డు మీద రాశానా? ఇన్నేళ్ళు స్పాట్ వాల్యుయేషన్‌లో కూచుని దిద్దాను గదా, మీకూ తెలుసనుకున్నా. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు." ఆ మాటంటూ ఆమె కుర్చీలో నుంచి లేవబోయి లేవలేకపోయింది. చేయి పట్టుకుని లేపాను. నా సిగ్గు నాకు అలవాటే, మోయగలను. ఆమె సిగ్గు చూడటం మాత్రం నా వల్ల కాలేదు. పోనీలెండి టీచర్ అంటూ లేనిపోని కబుర్లు మొదలుపెట్టాను. "నన్ను బుజ్జగించమాక. ఆదివారం రా" అంది.

ఆ ఆదివారం పాఠం లేదు. బోర్డు నిండా మార్కులెలా లెక్కగడతారో రాసింది. పెళ్ళయిన పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తరవాత నా పాత పరీక్ష కాగితం ఒకటి తెచ్చి, దిద్దేవాళ్ళు ఎలా దిద్దుతారో నా పక్కన కూర్చుని దిద్ది చూపించింది.

"దిద్దేటోడు రాక్షసుడు కాదే. పొద్దుట్నించి వంగి కూచుని నడుం పట్టుకుపోయినోడు. నీకు యాడ ఒక మార్కు ఇద్దామా అని వెతుకుతుంటాడు. సూత్రం రాశావా, దానికి కొంత. అంకెలు దాంట్లో పెట్టావా, ఇంకొంత. చివర్న కూడిక తప్పినా ముందు చేసింది యాడికీ పోదు. ఉత్త తెల్లకాగితం ఇస్తే మాత్రం ఆయన చెయ్యి ఏం చేసిద్ది? తప్పన్నా రాయి. ఖాళీ మాత్రం వదలమాక."

పరువు కోసం వదిలిన ఆ తెల్లటి పేజీలు గుర్తొచ్చి నేలలోకి కుంగిపోయినట్టయింది. రెండోసారి పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదల్లేదు. సగం రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఎన్ని తప్పులో దిద్దినవాళ్ళకే ఎరుక. ముప్పై ఏడొచ్చాయి. మాచర్ల పోయి చెబితే, కాళ్ళకు మొక్కనివ్వలేదు. "నిలబడి చదువు" అంది. ముప్పై ఏడు అన్నాను. "అది రెండో కోత. మొదటిది చెప్పు ముందు." పదకొండు, ముప్పై ఏడు అని చెప్పించుకుని అప్పుడు నవ్వింది. ఆ పోస్టు నాకే వచ్చింది. మా ఆయన దుర్గి నుంచి చిన్న రాతి పలక తెచ్చి నా పేరు చెక్కి పెట్టాడు. అది ఇప్పటికీ సెంటరు అల్మరాలో ఉంది. బయట పెట్టడానికి మొహమాటం.

జాన్‌బీ టీచర్ పోయిన ఏడాది చనిపోయింది. మాచర్లలో వాళ్ళింటి ముందు వేసిన టెంటు కింద ఆడవాళ్ళం కూర్చున్నాం. సగానికి పైగా ఆమె ఆదివారం పిల్లలే. ఒకరికొకరం పేర్లు కూడా సరిగా తెలియవు. "నీకు లెక్కల్లో ఎన్నక్కా?" అని ఒకామె అడిగింది. ఇంకొకామె చెప్పింది, మరొకామె చెప్పింది. ఏడుపులోనే నవ్వుకున్నాం. నా వంతు వచ్చేసరికి ముప్పై ఏడు అన్నాను. పదకొండు సంగతి చెప్పలేదు. పక్కన కూర్చున్నామె మా మండలంలోనే టీచరు, ఆమె ముందు తక్కువైపోతానని. ఆ ఇంట్లో, ఆ రోజున, జాన్‌బీ టీచర్ చెప్పించిన మొదటి అంకె నా నోటికి రాలేదు. టెన్త్ పోయినందుకు పడ్డ సిగ్గు ఎప్పుడో ఆరింది గానీ ఇది ఆరలేదు. ఎవరైనా చదువు సంగతి అడిగితే ఇవాళ్టికీ నా గొంతు తగ్గుతుంది.

అన్నం ఉడికింది. పొయ్యి కట్టేసి పిల్లలకు పెట్టాను. పిల్లల్ని తీసుకుపోవడానికి తల్లులు ఒక్కొక్కరే వస్తున్నారు. మనవడి కోసం వచ్చిన ఒక ముసలామె గుమ్మం పక్కన చతికిలబడింది, ఆమెకు చెవులు సరిగా వినపడవు. నాగమణి ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. పక్కకు పిలిచి చెవిలో చెబుదామనుకున్నాను. అదే తేలిక. అడుగు కూడా వేశాను. ఆ అడుగు ఎందుకు వేస్తున్నానో నాకే తెలిసి ఆగిపోయాను.

"నాగమణీ, ఇటు తిరుగు. నేను ఓపెన్ టెన్త్ మొదటిసారి రాసినప్పుడు లెక్కల్లో పదకొండొచ్చినయ్."

తల్లులంతా మాటలాపి నా వైపు చూశారు. వాళ్ళ పిల్లలకు అంకెలు నేర్పేది నేను.

గుమ్మం పక్కనుంచి ముసలామె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఎన్నంట? వినపళ్ళా" అంది.

"పదకొండు, పెద్దమ్మా" అన్నాను, వెనక బెంచీకి కూడా వినపడేటట్టు. "పదకొండు."

నాగమణి ఫోను ఇటు తిప్పి, కళ్ళు తుడుచుకుని, మొదటి పేపరు నుంచి మార్కులు చదవడం మొదలుపెట్టింది.